అత్తయ్య కొంగులో ఫ్యూజు

ఈ రోజు మా ఇంటి కరెంటు బోర్డులో తీగల అతుకు మాడిన వాసన వస్తే, వైర్‌మ్యాన్ ఖాదరును పిలిపించాం. ఆయన మెయిను ఆపి, ఫ్యూజు ఊడదీసి మా అత్తయ్య చేతిలో పెట్టాడు.

"ఇది మీకాడుంటే ఎవులూ కరెంటు ఎయ్యలేరు. నాను అడిగీదాకా ఇవ్వకండి మామ్మా!"

అత్తయ్య దాన్ని కొంగున ముడేసుకుంది. ఖాదరు రాగి తీగలు గీకి, గట్టిగా మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేసరికి ఆవిడ గోడకు జారబడి నిద్రపోయింది. మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడకు సరిగా నిద్ర లేదు.

ముడి విప్పబోయాను.

"వద్దమ్మా, పడుకోనీండి. నాను కూకుంతాను" అన్నాడు ఖాదరు.

సందె వాలింది. బెల్లం కొట్ల మీదుగా తియ్యటి గాలి వస్తోంది. మసక చీకట్లో ఆవిడ ఊపిరి వింటూ కూర్చున్నాం. చివరికి ఆవిడే లేచి, "పనైపోయిందేటి?" అంది.

కొంగు ముడి విప్పి ఫ్యూజు ఖాదరు చేతికిచ్చింది. లైటు వెలిగింది. నాకే ఎందుకో ఇంకాసేపు చీకటిగా ఉంటే బాగుండుననిపించింది. మీరైతే లేపేవారా?