కాలువలో మూపు

నా బామ్మర్ది పోయాడు. శివరాత్రికి ముందు, నిజామాబాద్ దవాఖానలో. ఫోన్ వచ్చినప్పుడు నేను ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కుప్ప ముందు ఉన్నాను. రంగు చూద్దామని పట్టుకున్న కొమ్మును విరవకుండానే కుప్ప మీద పెట్టి ఇంటికి వచ్చాను.

నాకు చదువు పెద్దగా లేదు. కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి.

వాడు కాలేజీలో ఫిజిక్స్ సారు. టార్చి ఒక్కసారి వెలిగించి ఆర్పినట్టు గాజు తీగలోకి ఇంత వెలుగు ముక్క వదిలితే, అది చెదరకుండా పోతుందా లేదా అన్నదే వాడి ధ్యాస. పసుపు సీజన్‌లో ఆదివారాలు వచ్చి, బస్తాను అరచేత్తో తుడిచి మరీ నా పక్కన కూర్చునేవాడు.

"గంత సాఫ్ మనిషివి, పసుపు మార్కెట్‌కు ఎందుకొస్తవ్‌రా?"

"అక్క పంపింది బావా. నువ్వు ఎవలతోనన్న లొల్లి పెట్టుకున్నవేమో చూసి రమ్మన్నది."

ఒకసారి అడిగాను, "గా వెలుగు ఎందుకు చెదురుతదిరా?"

"దాంట్ల రంగులన్నీ ఒక్క తీరు నడువయి. కొన్ని ముందల పడ్తయి, కొన్ని ఎనుకబడ్తయి. సాగి సాగి పల్చనైతది."

"మరి ఎవలు పట్టి ఉంచాలె?"

"ఎవ్వలు కాదు. వెలుగు మస్తు జోరుగుంటే గాజు గుణమే జర మారుతది. గా మార్పు దాన్ని మల్ల దగ్గరికి తెస్తది. రెండూ సరిసమానమైతే గట్లనే పోతది."

"దెబ్బ తగిలితే?"

"గదే నా బతుకంత బావా. కొన్ని వణికి నిలబడ్తయి. కొన్ని పగిలిపోతయి."

"గీ ముచ్చటకు జీతమిస్తున్నరా నీకు?" అన్నాను. పడీ పడీ నవ్వాడు.

నీళ్లలోనూ అట్లాంటిది ఉంటుందట. ఎద్దు మూపులాగా ఒక్కటే అల, ఆకారం మారకుండా కాలువ వెంట పోతుందట. దాన్ని కంటితో చూడాలని వాడి కోరిక. చూస్తే నాతోనే చూడాలని పంతం. మెండోర దగ్గర కాలువకు నీళ్లు వదిలినప్పుడల్లా నన్ను స్కూటర్ ఎక్కించుకుని పోయేవాడు. మూపు లేచేది, కొంచెం దూరం పోయి నురగయ్యేది.

"నీ లెక్క తప్పిందిరా."

"లెక్క సక్కగనే ఉంది. కాలువదే తప్పు."

దవాఖానలో ఆఖరిసారి, ఎట్లున్నదిరా అని అడిగాను. "వణుకుతున్నది బావా. నిలబడ్తదేమో చూద్దాం" అన్నాడు. 

నిన్న నీళ్లు వదిలారు. ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి పోయాను. షట్టర్ లేవగానే ఒక మూపు లేచింది. నురగ కాలేదు. నున్నగా, ఎండకు మెరుస్తూ నా ముందు నుంచే పోయింది. మోకాళ్లు ఓర్చినంత దూరం గట్టు వెంట ఉరికాను. అది అట్లనే, చెక్కు చెదరకుండా మలుపు తిరిగిపోయింది.

ఆయాసంతో నిలబడి చూసుకుంటే నా కుడిచెయ్యి పక్కకు చాచి ఉంది, వాడి భుజం ఉండే ఎత్తులో.