నీళ్ల డబ్బా ఫ్రేములో ఉండాలి

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లో వాళ్లకే కాదు, మహబూబాబాద్‌లో మా స్టూడియో పక్కన మిర్చి బజ్జీలు వేసే ఆయనకు కూడా తెలుసు. అందుకే "పెండ్లి వీడియోలు తీసుకునేదానివి, నీకు గుట్టలెక్కే సినిమా ఎందుకమ్మా?" అని అడిగేవాళ్లు కాస్త దూరంలో నిలబడి అడుగుతారు. వాళ్లకు అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. కెమెరా నాది. ఎటు తిప్పాలో నా ఇష్టం.

పెళ్లిళ్లలో నాకో పేరుంది. బయ్యారం నుంచి మరిపెడ దాకా నన్ను "ఇంకోసారి అక్క" అంటారు. తాళి కడుతున్నప్పుడు పెళ్లికూతురి మొహానికి ఎవరి మోచేయో అడ్డొస్తే "అన్నా, ఇంకోసారి!" అని అరుస్తాను. పెళ్లికొడుకు పాపం మూడో ముడి విప్పి మళ్లీ వేస్తాడు. ఒకసారి ఒక అయ్యగారు "ముహూర్తం మల్ల రాదు బిడ్డా" అని గుడ్లురిమాడు. "నా కెమెరాకు వస్తది అయ్యగారూ" అన్నాను. పందిరంతా నవ్వింది. ఆ రెండోసారి వేసిన ముడే ఆల్బంలోకి ఎక్కింది, ఎవరూ తప్పుపట్టలేదు.

నాకింకో అలవాటు కూడా ఉంది. ఫ్రేములో ప్లాస్టిక్ డబ్బా, విరిగిన కుర్చీ, ఆరేసిన తువ్వాల కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పక్కకు జరిపేదాకా బటన్ నొక్కను. ఈ రెండు అలవాట్లూ కలిసి ఒక పిల్ల నోటికాడి ముద్దను లాగేయబోయాయి.

ఆ పిల్లది బయ్యారం అవతల ఒక తండా. వాళ్ల అక్క పెళ్లి వీడియో నేనే తీశాను. గురుకులంలో చదువుకునేటప్పుడు ఆటల టీచరు తాడుతో రాళ్లెక్కడం నేర్పిందట. చదువు ఆగిపోయింది కానీ ఎక్కడం ఆగలేదు. తల్లితో పాటు మిరపకాయలు ఏరే కూలికి పోతూనే, వీలు చిక్కినప్పుడల్లా భూపాలపల్లి దిక్కు, రేగొండ దగ్గరి ఇసుకరాతి గుట్టలకు బస్సెక్కేది. ఒకరోజు స్టూడియోకు వచ్చి ఫోను నా ముందు పెట్టింది.

"అక్కా, ఫోన్ల తీస్తే చీమ లెక్క కనబడుతున్న. నువ్వు జర మంచిగ తీస్తవా?"

సంగతేమిటంటే, జనగామలో ఒక సంస్థ మా దిక్కు జిల్లాల నుంచి ఒక్కరిని ఎంపిక చేసి మంచుకొండలెక్కే శిక్షణకు పంపుతుంది. ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా ఒక కష్టమైన రాయి ఎక్కినట్టు వీడియో చూపించాలి. ఎంపికైతే కొండలు. కాకపోతే ఎండాకాలం చివర్లో తండా వాళ్లందరితో కలిసి హైదరాబాద్‌లో ఇటుకలు మోయడానికి పోవాలి. అది ఆమె దాచకుండా చెప్పింది.

ఒంటరిగా ఎక్కడం అంటే ప్రాణాలు గాలికి వదలడం కాదు. గుట్ట వెనక నుంచి నడిచి పైకి పోయి, ఒక పెద్ద బండకు ఆమే తాడు కడుతుంది. తాడు కిందికి వేలాడుతుంది. నడుము పట్టీకి ఉన్న ఇనుప బిళ్ల తాడు మీద ఆమెతో పాటు పైకి జారుతుంది, పడితే గట్టిగా కరుచుకుంటుంది. తాడు కింది కొసకు నీళ్లు నింపిన డబ్బా కడుతుంది, తాడు నిటారుగా ఉండడానికి. తాడు ఆమెను మోయదు, పడితే ఆపుతుంది అంతే. చేతులూ కాళ్లూ ఆమెవే.

మొదటిసారి తీసినప్పుడు నేను ఏం చేసి ఉంటానో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆమె నీళ్లు నింపింది పాత నూనె డబ్బాలో, పైగా పసుపు రంగుది, ఎర్రటి రాయి ముందు దిష్టిబొమ్మలా వేలాడుతోంది. అది కనబడకుండా కెమెరా పైకెత్తాను. ఆమె మొహం, వేళ్లు, నుదుటి మీద చెమట దగ్గరగా పట్టుకున్నాను. అన్నిటికంటే కష్టమైన చోట, రాయి బయటికి పొడుచుకొచ్చిన దగ్గర, ఆమె మొహం అటు తిరిగింది. పైకి చేరాక అరిచాను, "బిడ్డా, ఇంకోసారి!" ఆమె కిక్కురుమనకుండా దిగి, అంత మేర మళ్లీ ఎక్కింది. మొహం బంగారంలా వచ్చింది. స్టూడియోలో కూర్చుని డప్పుల దరువు కలిపాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

ఇద్దరం జనగామ పోయాం. ఎంపిక చేసే సారు నిదానమైన మనిషి, అద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. పొడుచుకొచ్చిన రాయి దగ్గర ఆపాడు.

"చూడండమ్మా, ఈ అమ్మాయి ఇంకా అక్కడికి చేరలేదు. కానీ పైన తెల్లటి చేతి గుర్తులు కనిపిస్తున్నాయి. అవి ఎవరివి?"

చెమటకు జారకుండా చేతులకు పూసుకునే సుద్దపొడి గుర్తులవి. మొదటిసారి ఎక్కినప్పుడు అంటుకున్నవి.

"ఆమెవే సార్. నేనే మల్ల ఎక్కించిన. మొహం సక్కగ రాలే."

సారు నవ్వాడు. "తాడు కింది కొస ఎక్కడా కనిపించదు. పై అంచు కనిపించదు. పైనుంచి ఎవరో లాగి ఉంటారు. తండాల్లో ఒకరికొకరు సాయం చేసుకుంటారు, తప్పు లేదు. కానీ దీన్ని ఒంటరిగా ఎక్కడం అనరు."

నాకు ఒళ్లు మండింది. ఆయన కన్ను మంచిదే, గుర్తులు పట్టుకున్నాడు, కాదనను. కానీ "లాగి ఉంటారు" అని ఎంత తేలిగ్గా అన్నాడు! మాట పెరిగింది. చివరికి, గడువులోపు కత్తిరింపు లేకుండా ఒకే షాట్‌లో తీసుకొస్తే చూస్తానని ఒప్పుకున్నాడు. మేం లేస్తుంటే ఇంకో మాట వదిలాడు.

"ఏమనుకోకండి. వీడియో మొదట్లో ఆ అమ్మాయి తన గురించి చెప్పుకునే చోట ఎవరితోనైనా కాస్త మంచి తెలుగులో చెప్పించండి."

"మా తెలుగుకేమైంది సార్, జరమొచ్చిందా?" అనేసి బయటికొచ్చాను.

రైల్లో ఆ పిల్ల కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను సారును తిడుతూనే ఉన్నాను. కాజీపేట దాటాక ఆమె మెల్లగా అంది, "అక్కా, ఆ డబ్బా కనబడితే అయిపోవు. పైనుంచి ఎవలన్న గుంజితే డబ్బా లేస్తది గద." నేను ముద్దుగా లేదని తీసేసిన డబ్బానే ఆమెకు సాక్ష్యం. సిగ్గుతో చచ్చిపోయాను, అంతకంటే ఎక్కువ పట్టుదల వచ్చింది. సారూ, డబ్బానే కదా కావాలి, కళ్లారా చూద్దువుగానీ అనుకున్నాను.

రెండోసారి పోయినప్పుడు వాళ్లమ్మ కూడా వచ్చింది. పిలవలేదు. తెల్లారి బస్టాండులో సద్దిమూటతో సిద్ధంగా నిలబడి ఉంది. "నా బిడ్డను దొంగ అన్నరంట గదా? నేను గూడ వస్త. ఎవలు గుంజుతరో నేను గూడ చూస్త" అంది. ఆ తల్లి కోపం ముందు నాది ఏపాటిది!

ఎండాకాలం ఆ గుట్టల నడుమ లోయలో పచ్చదనమనేది ఉండదు. వాగు ఇసుక తేలి ఉంటుంది. రెండు పక్కలా ఎర్రరాయి సెగలు కక్కుతుంటే, ఎడారి ఎట్లా ఉంటుందో చూడడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. పాత సుద్ద గుర్తులు ఒక్కటి కూడా మిగలకుండా ఆ పిల్ల తాడు మీద వేలాడుతూ బ్రష్షుతో తోమింది. నేను వాగుకు అవతలి ఒడ్డున, వెనక్కి వెనక్కి జరిగి, పై అంచు నుంచి కింది డబ్బా దాకా గుట్ట మొత్తం పట్టేలా స్టాండు పెట్టాను. మనిషి చిన్నగానే కనబడుతుంది. కనబడనీ. పసుపు డబ్బా నేలకు జానెడు ఎత్తున వేలాడుతూ ఫ్రేములో నిక్షేపంగా ఉంది.

వాళ్లమ్మ డబ్బా పక్కన బండ మీద కూర్చుంది. ఎండలో వద్దంటే వినదు. ఆ పిల్ల తల్లి ముందు వంగి చెప్పింది, అమ్మా అనే పిలుపు తప్ప మిగతాదంతా నాకూ అర్థం కావాలని తెలుగులోనే.

"యాడీ, ఏమన్న గానీ. తాడు ముట్టొద్దు. నేను పడ్డా ముట్టొద్దు."

తల్లి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఇంక ముట్టనులే అన్నట్టు.

బటన్ నొక్కాను. ఆ పిల్ల ఎక్కడం మొదలుపెట్టింది. నాకు ఇక చేసే పనే లేదు. దగ్గరికి లాగకూడదు, కదపకూడదు, మాట్లాడకూడదు. పెళ్లిళ్లలో గొంతు చించుకునేదాన్ని, ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి కెమెరా వేడెక్కుతోందని తెర మీద గుర్తు మినుకుమినుకుమంది. ఆగిపోతే అంతా గంగపాలే. స్టూడియో తెల్ల గొడుగు దాని మీద పట్టాను, తడిగుడ్డ చుట్టాను. నా నెత్తి పగిలిపోతోంది. పగలనీ, నా నెత్తి ఎవరిక్కావాలి, ముందు కెమెరా చల్లగా ఉండాలి.

పొడుచుకొచ్చిన రాయి దగ్గర ఆమె ఆగింది. ఒక చెయ్యి విదిలించుకుంది. పైకి అందుకుంది. అందింది అనుకున్నాను. వేళ్లు జారాయి.

పడింది. తాడు గుంజుకుపోయి బిళ్ల కరుచుకుంది. డబ్బా ఒక్కసారి నేలను తాకి మళ్లీ లేచింది. తల్లి వాళ్ల భాషలో పెట్టిన కేక లోయంతా తిరిగొచ్చింది. నా వేలు బటన్ మీదికి పోయింది. ఆపేసి మళ్లీ మొదలుపెడదామని, చేతికి అలవాటైన పని. "ఇంకోసారి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. వేలు వెనక్కి తీసుకున్నాను.

పిల్ల గాలిలో కాసేపు వేలాడింది. బండకు కొట్టుకున్న మోకాలు పట్టుకుంది. తర్వాత తాడు పట్టుకుని పైకి పాకలేదు. పాకితే ఎవరాపుతారు? మెల్లగా కిందిదాకా దిగింది. తల్లి గ్లాసుతో ఇచ్చిన నీళ్లు తాగింది. చేతులకు సుద్దపొడి పూసుకుంది. మళ్లీ నేల మీది నుంచి, మొదటి రాయి నుంచి ఎక్కింది. పొడుచుకొచ్చిన చోట ఈసారి ఆగనేలేదు. పై అంచు మీద నిలబడి చేతులెత్తినప్పుడు నేను గొడుగు పట్టుకునే ఏడ్చాను. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది.

జనగామలో సారు మొత్తం చూశాడు, మధ్యలో ఫోను మోగినా ఎత్తలేదు. పూర్తయ్యాక అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"బాగుంది. ఒప్పుకుంటున్నాను. కానీ పైవాళ్లకు చూపించాలి కదా, ఆ పడిపోయిన ముక్క తీసేయండి. ఆ అరుపు కూడా. అక్కడ ఏదైనా సంగీతం వేస్తే..."

"తియ్య సార్" అన్నాను. "డప్పులేసి తెస్తే నమ్మకపోతిరి. ఒకటే షాట్ కావాలంటరు, తెస్తే కొయ్యమంటరు. మీకేం గావాల్నో ముందుగాల మీరు అనుకోండ్రి."

నేను ఇంకా చాలా అనేదాన్నే. ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. "పడ్డది నేనే సార్, ఎక్కింది నేనే. పడ్డది తీసేస్తే ఎక్కిన్నంటే ఎవలు నమ్ముతరు?" అంది.

సారు మళ్లీ అద్దాలు పెట్టుకున్నాడు. వీడియోను వెనక్కి తిప్పాడు. గుట్ట మీది మనిషిని కాదు, ఈసారి కింద, డబ్బా పక్కన కూర్చున్న మనిషిని చూస్తున్నాడు. నేనూ అప్పుడే చూశాను. తీసినదాన్ని నేనే, స్టూడియోలో ఎన్నిసార్లు చూసినా నా కళ్లు ఎప్పుడూ పైనే ఉండేవి.

పిల్ల పడుతుంది. తల్లి లేస్తుంది. నెత్తి మీది చేతులు రెండూ తాడు మీదికి దూకుతాయి. తాడుకు బెత్తెడు దూరంలో ఆగిపోతాయి. పిల్ల పైన వేలాడినంతసేపూ ఆ చేతులు అక్కడే, గాలిలోనే ఉంటాయి. ముట్టుకోవు.

సారు అక్కడ బొమ్మను ఆపాడు.

"బిడ్డ పడుతుంటే తాడెందుకు పట్టుకోలేదామె?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు, గొంతులో వెటకారం లేదు.

ఆ పిల్ల తెర వంకే చూస్తూ చెప్పింది.

"పట్టుకుంటే మీరు నమ్మరని సార్."