చిన్నాన్న చేతిలో మాయం కాని నాణెం

మా చిన్నాన్న నాణేన్ని మాయం చేస్తానని కూర్చుంటే, ఆ నాణెం తప్ప మిగతావన్నీ మాయమయ్యేవి: చూసేవాళ్ళ ఓపిక, పిన్ని ముఖంలో నవ్వు, ఒక్కోసారి చుట్టాలు కూడా.

ఆయన జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టెంత చెక్కడబ్బా ఉండేది. నాణెం అందులో పెట్టి, మూత వేసి, ఉఫ్‌మని ఊది తెరిస్తే నాణెం కనపడకూడదు. చిన్నాన్న తెరిస్తే దర్జాగా కనపడేది. లేదా చొక్కా చేతిలోంచి జారి ఠంగుమని నేలమీద పడేది.

ఓసారి బస్సులో కండక్టరుకి చూపించబోతే, నాణెం ఎగిరి ఆయన తోలుసంచిలో పడింది.

"చూశారా, మాయం!" అన్నాడు చిన్నాన్న.

"టిక్కెట్టుకి అది చాలదు. మిగతాది ఇస్తావా, దిగుతావా?"

చిన్నాన్న దర్జీ. ఒక వకీలుగారికి కొత్త కోటు తొడిగి సరిచూస్తూ ఇదే గారడీ మొదలుపెట్టాడు. నాణెం నిజంగానే మాయమైంది! చిన్నాన్న ఉబ్బితబ్బిబ్బైపోయాడు. తీరా అది కోటు అస్తరులోకి జారిందట. మర్నాడు కోర్టులో వకీలుగారు ఆవేశపడినప్పుడల్లా కోటు అంచు బల్లకి తగిలి ఠంగుమంటుంటే, "గంట ఎవరు కొడుతున్నారు?" అని జడ్జిగారు కోప్పడ్డారట.

అసలు ఆ డబ్బా పెదనాన్నది. ఆయన గడియారాలు బాగుచేసేవారు. ఒక సర్కస్ గారడీవాడు తన గడియారం బాగుచేసినందుకు ఆ కిటుకు నేర్పిపోతే, పాత గోడగడియారం చెక్కతో ఈ డబ్బా చేసుకున్నారు. ఆయన వేళ్ళ మధ్య నాణెం మంచులా కరిగిపోయేది. తరువాత పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. వేళ్ళు కదిలించాలి, మాట్లాడుతూ ఉండాలి అన్నాడు డాక్టరు. పెదనాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు.

అప్పటినుంచే చిన్నాన్న ఆ డబ్బా పట్టుకున్నాడు. రోజూ కొట్టు కట్టేసి, అన్నగారి మంచం పక్కన చేరేవాడు. నాణెం పడిపోయేది. పెదనాన్న గయ్‌మనేవారు.

"సన్నాసీ! బొటనవేలు... కింద పెట్టరా! ఇలా తే!"

ఎడంచేత్తో ఒక మొట్టికాయ వేసి, వణికే కుడిచేత్తోనే డబ్బా లాక్కుని చూపించేవారు.

"జబ్బు మనిషిని అలా ఉడికిస్తారెందుకండీ?" అని పిన్ని మొత్తుకునేది.

పోయిన ఏడాది పెదనాన్న వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి నేను కొట్టుకి వెళ్ళేసరికి, కొలతలివ్వనని ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది. చిన్నాన్న డబ్బా తీశాడు. ఊదాడు. తెరిచాడు. నాణెం లేదు! పాప ఏడుపు టక్కున ఆగింది.

"నీకు వచ్చా చిన్నాన్నా?"

"ఎప్పుడో వచ్చురా. మొదటిరోజు చక్కగానే చేశాను. అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. మర్నాడు చెయ్యి జారి పడేశాను. 'సన్నాసీ' అన్నాడు. జబ్బు చేశాక అదే మొదటి మాట. ఇక పడేస్తూనే వచ్చాను. బయట సరిగ్గా చేస్తే మాత్రం ఆ కబురు ఆయనకి చేరదూ?"

చేతిలో కత్తెర బల్లమీద పెట్టాడు.

"చివర్లో ఒక్కసారైనా సరిగ్గా చేసి చూపించాల్సిందిరా. తమ్ముడికి ఏదీ చేతకాదన్న దిగులుతోనే పోయాడు."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. మనసు ఆగక ఆయన్ని వెంటబెట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, అంతా చెప్పేశాను. పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆయనకి తెలుసయ్యా. 'నా కోసం ఎంత కష్టపడి తప్పు చేస్తున్నాడో చూడవే! నేను తిట్టకపోతే చిన్నబుచ్చుకుంటాడు' అనేవారు."

చిన్నాన్న జేబులోంచి డబ్బా తీసి చేతిలో తిప్పాడు. చివరికి నెత్తి తడుముకున్నాడు.

"అయితే వదినా, ఆ తిట్లన్నీ నటనేనా? మరి మొట్టికాయలో?"

"అవి మాత్రం నిజమేనయ్యా" అంది పెద్దమ్మ.