ముందు యాభై, తరవాత ఇరవై

మా అమ్మాయి ఇంజినీరింగు పుణ్యమా అని ఇంట్లో లాప్‌టాప్‌లోకి మా కాలపు ప్రాసెసరు వచ్చి కూర్చుంది. అసలు చిప్పు కాదు, ఎమ్యులేటరు. ఆ పాత చిప్పు చేసే పనంతా తెర మీద చేసి చూపించే సాఫ్ట్‌వేరన్నమాట. ఒకపక్క రిజిస్టర్ల గళ్ళు, ఇంకోపక్క మెమరీ పట్టిక, మధ్యలో ప్రోగ్రాం రాసుకునే చోటు, పైన రన్ అనే బటను.

"నువ్వు చదివింది ఇదే కదా నాన్నా, చెయ్యి చూద్దాం" అంది. నాకసలే పౌరుషం ఎక్కువ. డిప్లొమాలో బట్టీ పట్టిన అంకెల కోడు, త్రీ ఈ, జీరో ఫైవ్ అంటూ టకటకా కొట్టేశాను. ప్రతి లైనూ తప్పని ఎర్రగా చూపించింది. అక్కడ ఆర్డర్లు మాటల్లో రాయాలట, అంకెల్లోకి అదే మార్చుకుంటుందట. అమ్మాయి పడీ పడీ నవ్వింది. మరి మా రోజుల్లోలా పక్కన కూర్చుని అంకెలు చదివేవాడికి పనేముంది, అనుకున్నాను. చిన్నబుచ్చుకున్నాను కూడా.

అనకాపల్లిలో మేం చదువుకున్న ల్యాబులో ఎమ్యులేటర్లూ గిమ్యులేటర్లూ లేవు. ట్రైనర్ కిట్టని ఒక పెట్టె, దాని మీద చిన్న కీబోర్డు, ఎర్రటి అంకెలు వెలిగే గళ్ళు. ఒకడు చదవాలి, ఒకడు నొక్కాలి. మా జట్టులో చదివేవాడు మా బావ. చుట్టరికమేం లేదు. వాళ్ళది టౌన్లో వాచీలు బాగుచేసే ముస్లిం కుటుంబం, మాది మునగపాకలో చెరకు సాగు. మొదటిరోజే వాడు బావా అన్నాడు, నేనూ అన్నాను, అంతే.

వాడొక అంకె చదివితే నేను నొక్కి "ఊఁ" అనాలి. ఊఁ వినబడందే చచ్చినా రెండోది చదివేవాడు కాదు. ఈలోగా కరెంటు పోతే కొట్టినదంతా గోవిందా, మళ్ళీ మొదట్నుంచి. నాకు ఒక్కచోటే తప్పేది. జవాబు దాచే అడ్రసు ఇరవై యాభై అయితే, ఆ చిప్పుకు తిరగేసి ఇవ్వాలి. నేను వాడు చదవకముందే తిన్నగా కొట్టేసేవాణ్ణి.

"ముందు యాభై, తరవాత ఇరవై! ఎన్నిసార్లు సెప్పాలి బావా? నీ బుర్రలో ఉన్నది బెల్లం పాకమేటి?"

వాడికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ తిట్లు తినే నేను పాసయ్యాను.

ఈమధ్య వాడికి పక్షవాతం వచ్చింది. వాచీలు విప్పే కుడిచెయ్యి పడిపోయింది. మాటా పోయింది. ఊఁ ఒక్కటే మిగిలింది, అదీ అన్నిటికీ ఒకటే ఊఁ. అన్నం పెట్టనా అంటే ఊఁ, వద్దా అంటే ఊఁ.

మొన్న ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. వాడి భార్య టీ తెచ్చి, "మనం సెప్పింది లోపలికెల్తందో లేదో తెలీట్లేదు భయ్యా. చూద్దాం అంటన్నారు డాక్టరు గారు" అంది. ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఎమ్యులేటరు తెరిచాను. మెమరీ పట్టికలో మాత్రం ఇప్పటికీ అంకెలే నేరుగా వేసుకోవచ్చు. లాప్‌టాప్ వాడి ఎడంచేతి దగ్గర పెట్టి, ఈసారి నేను చదివాను. "త్రీ ఈ, బావా."

చాలాసేపు తెర వంక చూశాడు. తరవాత ఎడంచేతి వేలు కదిలింది. మూడు, ఈ. "ఊఁ" అన్నాడు. జీరో ఫైవ్. ఊఁ. అర్థమయ్యే కొడుతున్నాడో, పాత అలవాటు వేలిని నడిపిస్తోందో నాకు తెలియలేదు. జవాబు దాచమనే ఆర్డరు, ముప్పై రెండు, దాకా వచ్చాం. ఊఁ.

"ఇరవై" అన్నాను.

ఊఁ రాలేదు.

"ఇరవై, బావా."

వేలు పైకి లేచి ఆగిపోయింది. "అలిసిపోయేరేమో, ఆపేద్దాం భయ్యా" అంది ఆవిడ కంగారుగా. వాడు తల తిప్పి నా వంక చూశాడు. ల్యాబులో చూసే చూపే అది, అంత కోపమూ ఉంది అందులో. అప్పటికిగానీ నాకు వెలగలేదు. వాడు తెర వైపు తిరిగి, మెల్లగా వెతుక్కుని ముందు యాభై కొట్టాడు. తరవాత ఇరవై కొట్టాడు. అప్పుడు అన్నాడు, "ఊఁ."

నాకు ఏడుపాగలేదు.

"ఏటి భయ్యా, ఏటయ్యింది?" అంది ఆవిడ భయంగా.

"ఏం లేదమ్మా. మీ ఆయన నన్ను తిట్టేడు."