మొక్కు తీరినాక మాత్రలు

తిరువళ్లూరులో బస్సెక్కిన ఆమెకు, మా రెండేళ్ల పాపను ఒళ్లోకి తీసుకుని పక్కన చోటిచ్చాను. ఆమె కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదురు కిటికీ దగ్గర నిలబడింది.

"వద్దమ్మా, నాకు క్షయ. నిరుడు దగ్గు తగ్గినాక తిరుత్తణి స్వామి గుళ్లో గుండు చేయించుకుంటిని. మొక్కు తీరినాక కూడా మాత్రలు మింగితే స్వామిని నమ్మనట్టే గదా అని ఆపేసినా. మళ్లీ వచ్చె. ఇప్పుడు అవే మాత్రలు పని చెయ్యవని డాక్టరు చెప్పినాడు. నువ్వు యాడికమ్మా?"

"తిరుత్తణికే," అన్నాను. నాదీ అదే జబ్బు. దగ్గు తగ్గి నెలే అయింది. మాత్రలు ఇక అక్కర్లేదని ఇంట్లోనే వదిలేసి బయల్దేరాను.

మొక్కు తీర్చుకున్నాను. ఇల్లు చేరగానే, గుండు మీద చందనంతోనే మాత్ర మింగాను. డాక్టరు ఆపమనేదాకా ఒక్కరోజూ మానలేదు. పాపకిప్పుడు నాలుగేళ్లు. స్వామికి కోపం వచ్చిన జాడ లేదు.