మగ్గం ఫోటో పెట్టమన్న సారు

పోయిన నెల మా నాయన నగరి నుంచి ఫోన్ చేశాడు. మరమగ్గాల చప్పుడును మించి అరిచి మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. "సారు పోయినాడు మా. నిద్రలోనే పోయినాడు" అన్నాడు. వెనక ఏ చప్పుడూ లేదు. సారు కోసం వీధి వీధంతా మగ్గాలు ఆపేశారని నాకు అప్పుడు తెలిసింది.

సారు మా ఎదురింటాయన. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా ఇంట్లో నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. అ ఆల నుంచి ఇంటర్ దాకా నా చదువంతా ఆయన వసారాలోనే సాగింది.

మా వీధిలో గుట్టు నిలవదు. మగ్గాల మోతలో భార్యాభర్తలు కూడా అరిచే మాట్లాడుకుంటారు. ఇంటి మాట ఏదైనా ఉంటే కరెంటు పోయేదాకా ఆగి చెప్పుకుంటారు. ఫోన్లు వచ్చాక ఆ ఓపిక పోయింది. ఒకసారి నాయన తన ఆధార్ నంబరు ఫోన్లో ఎవరికో అరిచి చెబుతుంటే సారు బయటికొచ్చి, "వానికి వినబడినాదో లేదో గానీ, రైలు స్టేషన్ దాకా వినబడినాదప్పా!" అన్నారు. నాయన నవ్వాడు. సారు నవ్వలేదు.

ఆయనకు అన్నిటి మీదా అనుమానమే. ఫోన్లో పుస్తకం చదివేవారు కాదు. ఎందుకంటే, "నేను యాడ చదివి ఆపినానో అది గుర్తు పెట్టుకుంటాది. దానికెందుకు నా సంగతి?" అనేవారు. బిల్లు వేస్తూ పేరూ నంబరూ అడిగితే ఒక్కో అంగట్లో ఒక్కో పేరు చెప్పేవారు. బట్టల అంగట్లో గోవిందయ్య, మందుల అంగట్లో మునిరత్నం. ఎవరైనా ఫోన్ చేసి "గోవిందయ్య గారా?" అంటే, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి భార్యతో, "బట్టలోడు నన్ను అమ్మేసినాడే" అనేవారు. ఆమె, "ఎవురైనా కొన్నారంటే అదే గొప్ప" అనేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ట్యూషన్ యాప్ మనిషి మా వీధికొచ్చాడు. ఆడపిల్లలకు ప్రతిభా పరీక్ష, నెగ్గితే చదువు ఉచితం అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. సారు మాత్రం ఫోన్ తీసుకుని ఒక్కో ప్రశ్నా నా చేత పైకి చదివించారు. పేరు, పుట్టిన తేదీ, కులం, నాయన పని, నాయన ఫోన్ నంబరు, ఫోటో.

"లెక్కల పరీక్షకు కులమెందుకు మా?" అని అడిగారు. "పరీక్ష రాసుకో. పేరు మాత్రం చారులత అని పెట్టు."

నాయన కంగారు పడ్డాడు. "ర్యాంకొస్తే ఎట్లా సారూ?"

"వస్తే అప్పుడు పోయి అసలు పేరు చెప్దాం. వాళ్ళెవురో ముందు తెలియనీ."

ఫోటో లేకపోతే యాప్ ముందుకు కదలలేదు. "మగ్గం ఫోటో పెట్టు" అన్నారు సారు. పెట్టాను. యాప్ దాన్నే నా మొహమనుకుని ముందుకు పోయింది.

ర్యాంకు సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ నాయనకు ఫోన్లు మొదలయ్యాయి. తిరుత్తణి నుంచి ఒకరు, చిత్తూరు నుంచి ఒకరు, అన్నీ పెళ్ళి సంబంధాలే. మంచి సంబంధం వస్తే నన్ను ఇంటర్‌తో ఆపేయాలని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు. నాయన సంబరంగా ఎదురింటికి వెళ్ళాడు. "సంబంధాలు ఇంటికే వస్తా ఉండాయి సారూ!" నేనూ వెనకే వెళ్ళాను. డిగ్రీ ఇక లేనట్టే అనుకున్నాను.

అంతలో మళ్ళీ ఫోన్ మోగింది. సారు స్పీకర్ పెట్టమన్నారు.

"పాప వివరాలన్నీ బాగుండాయన్నా," అంది అవతలి ఆమె. "చారులత, పేరు కూడా లక్షణంగా ఉండాది. ఫోటోలోనే మగ్గం తప్ప పాప కనబడలేదు. ఇంకోటి పంపిస్తారా?"

నాయన మొహం వాడిపోయింది. ఆ పేరు మా వీధిలో ఎవరికీ లేదు, ఆ యాప్‌లో తప్ప.

సారు ఫోన్ అందుకున్నారు. "ఈ వివరాలు మీకెవురు ఇచ్చినారమ్మా?"

"తెలిసినోళ్ళే సార్."

"ఆ తెలిసినోళ్ళకు పేరుంటాది కదా?"

లైను తెగిపోయింది.

నాయన ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "నా కూతుర్ని బజార్లో పెట్టినారు సారూ" అన్నాడు. సారు లేచి ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నాయన తాగి, నోరు తుడుచుకుని, "సదువుకోనీలే. సంబంధం నేను ఎతుక్కుంటా, ఎవురో అమ్మితే నాకొద్దు" అన్నాడు.

అమ్మింది ఆ యాప్ వాళ్ళేనా, మధ్యలో ఇంకెవరైనానా, ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను భయపెడుతుంది. ఇప్పుడు తిరుపతిలో ఒక బడిలో లెక్కలు చెబుతున్నాను. పిల్లలకు ట్యాబ్‌లు వచ్చాయి. ఏ పిల్ల ఏ లెక్క దగ్గర ఎంతసేపు ఆగిందో అవి ఎవరికో చెబుతూనే ఉంటాయి. ఎవరికని అడిగితే, "అంత అనుమానం దేనికి టీచర్?" అంటారు. అయినా అడుగుతున్నాను.

దినాల నాడు నగరికి వెళ్ళాను. సారు ఇంట్లో గోడ మీద ఆయన ఫోటో లేదు. ఆధార్‌కు తప్ప ఆయన ఎప్పుడూ తీయించుకోలేదు. ఫ్లెక్సీలు వేసే అతను ఆధార్ కార్డులోని మసక బొమ్మను కంప్యూటర్‌కిచ్చి ఒక బొమ్మ చేయించి తెచ్చాడు. నల్లటి జుట్టు, నిండా పళ్ళు. ఫోన్లోనైతే ఆ బొమ్మ కళ్ళార్పి నవ్వింది కూడా. "ప్రాణమొచ్చినట్టే ఉండాది సూడండి!" అన్నారు పక్కవాళ్ళు.

సారు భార్య ఆ ఫోన్ పట్టుకుని చూసింది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. తర్వాత నా చేతికిచ్చింది.

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు మా. ఈయన మన సారేనా?"

"కాదమ్మా" అన్నాను.

ఆమె తలూపి, పూలదండను గోడకున్న ఉత్త మేకుకే తగిలించింది. కింద దీపం పెట్టింది. గాలికి దీపం కదిలినప్పుడల్లా దండ నీడ ఆ ఖాళీ గోడ మీద కొంచెం పెద్దదై, మళ్ళీ చిన్నదవుతూ ఉంది. అందరం దానికే చేతులు జోడించాం.