పెంచలయ్యగారి జిప్సం

ఈ ఉదయం చిల్లకూరు అవతల, సముద్రపు గాలి తగిలే ఒక చేలో చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు చురుక్కుమంది. పక్కనున్న రైతు నన్ను వింతగా చూశాడు. వ్యవసాయశాఖలో చేరిన కొత్తలో నేనూ పెంచలయ్యగారిని అలాగే చూశాను. ఆయన విస్తరణాధికారి, నా మొదటి పైఅధికారి. "మట్టి పరీక్ష కాగితం వచ్చేలోపల నాట్లు అయిపోతాయమ్మాయ్. నోట్లో వేసుకో, ఏం చచ్చిపోవులే!" అని నా అరచేతిలో మట్టి పోశారు. ఉమ్మేయబోతే కసిరారు. "రైతు ముందర ఉమ్మేయబాక. అది వాళ్ల అన్నం."

అప్పట్లో మా పరిధిలో కోటమ్మ అనే రైతు ఉండేది. ఆమె రెండెకరాలకు మూడు పక్కలా రొయ్యల గుంటలే. వాటి ఉప్పునీరు ఇంకి ఆమె నేల చౌడుబారింది. గుంటల ఆసామి ఆ పొలం కూడా కౌలుకు అడుగుతున్నాడు. "ఇచ్చేసేదా సార్?" అందామె. "ఇచ్చినావంటే మళ్లీ వరి మొహం చూడవు. సబ్సిడీ జిప్సానికి నీ పేరు రాసినా. నాట్లకు ముందే చల్లి, నీళ్లు కట్టి వదిలేస్తే చౌడు విరుగుద్ది. వస్తుంది, నాదీ పూచీ" అన్నారు పెంచలయ్యగారు. ఆమె ఆసామిని తిప్పి పంపేసింది.

ఆ ఏడు జిప్సం రాలేదు. మరుసటేడు వచ్చింది, నాట్లు పడ్డాక! నిలబడ్డ పైరులో ఏం చల్లుకుంటుంది పాపం? బస్తాలు తీసుకోలేదు గనుక 'అవసరం లేదు' అని పై ఆఫీసులో రాసుకున్నారు. మూడో ఏడు జాబితాలో ఆమె పేరే లేదు. పెంచలయ్యగారు నెల్లూరు ఆఫీసు చుట్టూ తిరిగారు. తిరిగొస్తూ ఆమె గట్టు దగ్గర మోపెడ్ ఆపి, "వస్తుంది కోటమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండేది. "ఎందుకు సార్ ఊరికే ఆశ పెడతారు?" అని అడిగేశాను. "రాదని చెప్పేదానికి నోరు రావడంలేదమ్మాయ్" అన్నారు.

ఆ పంటా మాడిపోయాక కోటమ్మ కౌలు కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆమె పేరున జిప్సం వచ్చిన రోజు ఆ పొలంలో పొక్లెయిన్ గుంట తవ్వుతోంది. పెంచలయ్యగారు తవ్విపోసిన మట్టి కాస్త తీసి నోట్లో వేసుకున్నారు. కోటమ్మ కోప్పడలేదు. "మీరేం చేస్తారులే సార్. మీరు చెప్పినారని ఇన్నాళ్లు ఆగినా, అంతే" అంది. ఆయన ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చారు.

రిటైరయ్యాక నాయుడుపేట బజార్లో ఒకసారి కనబడ్డారు. "కోటమ్మ ఎట్టుంది?" అన్నారు. "ఆ గుంట మీదే రొయ్యలకు మేత చల్లే కూలికి పోతోంది సార్" అన్నాను. అది విని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. తర్వాత ఎక్కువకాలం బతకలేదు.

అప్పటినుంచి నేను ఏ రైతుకూ 'వస్తుంది' అని చెప్పలేదు. 'రాశాను, పంపాను' అంటాను, అంతే. ఈ ఉదయం ఆ రైతు చుట్టూ ఉన్న గుంటలు చూపించి, "మా పొలం కూడా ఇచ్చేయమంటున్నారు మేడం. జిప్సం వస్తుందా? ఆగేదా?" అని అడిగాడు. నా నోటినిండా ఉప్పు. ఉమ్మేయలేదు. రాదని చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

"వస్తుందిలే అన్నా" అన్నాను.